బేస్‌మెంట్‌లో నాలుగు మొక్కలు

మూడో జత ఆకులు విచ్చుకునేదాకా అవి ఏం మొక్కలో నాకు తెలీదు. తెలిసిన రోజు డైరీలో తారీఖు వేసి, కింద ఏమీ రాయకుండా మూసేశాను.

విత్తనాలు నానబెట్టింది నేనే. దసరా వెళ్ళిన మర్నాడు పెద్దనాన్న ఆరు గింజలు తెచ్చి నా అరచేతిలో పోశారు. ఒక్కోటి మిరియపు గింజంత, గోధుమరంగు మీద చారలు.

"ఆయుర్వేదం మొక్కలమ్మా, నా నొప్పికి. పల్లెటూరి పిల్లవి, నీ చేత్తో వెయ్యి," అన్నారు.

మా ఊళ్ళో సెలవుల్లో మిరపనారు నాటడానికి వెళ్ళేదాన్ని. అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌ వచ్చిన రెండేళ్ళలో నాకు చేతనైన పని ఒకటుందని ఎవరైనా అనడం అదే మొదలు. తడి టిష్యూలో చుట్టి, పైన పళ్ళెం బోర్లించి పెట్టాను. ఆరింట్లో నాలుగు మొలిచాయి.

పెద్దనాన్న పేరు విశ్వనాథం. కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే పనిలో ముప్ఫై ఏళ్ళు ఉండి రిటైరయ్యారు. అంతకు ముందు ఏడు ఆయనకి కుడివైపు పక్కటెముకల మీద సర్పి లేచింది. పొక్కులు మాడిపోయాయి గానీ నొప్పి పోలేదు. చొక్కా గుడ్డ తగిలినా నిప్పు అంటుకున్నట్టు ఉలిక్కిపడేవారు. ఇంట్లో ఎప్పుడూ లుంగీతో, ఒంటిమీద ఏమీ లేకుండా, కుడిచెయ్యి కాస్త పక్కకి ఎత్తిపెట్టుకుని తిరిగేవారు. డాక్టర్లిచ్చిన మాత్రలకి నోరెండిపోయేది, మాటల మధ్యలో నిద్ర ముంచుకొచ్చేది. నొప్పి మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు.

బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక గుడ్డ బీరువా నిలబెట్టారు. బయట నలుపు, లోపలంతా వెండిరేకులా మెరిసే గుడ్డ. పైన లైటు, మూల చిన్న ఫ్యాను, కింద నాలుగు నల్ల కుండీలు. పక్క గోడకి ఒక షీటు అంటించి తారీఖు, నీళ్ళు, వేడి, లైటు ఎత్తు అన్నీ రాసేవారు. బ్రేకులూ అలాగే పరీక్షించేవారట.

"ఒక్కసారి ఒక్కటే మార్చాలి అవనీ. రెండు మార్చావా, ఏది పనిచేసిందో జన్మలో తెలీదు," అనేవారు.

మూడో జత ఆకు చేతివేళ్ళలా అయిదు చీలికలుగా విచ్చుకుంది. అంచులు రంపంలా ఉన్నాయి. ఆ ఆకుని నేను మా జిల్లా పరిషత్ హైస్కూలు గోడ మీద చూశాను. పోలీసులు దాన్ని మనిషెత్తున వేయించి, ఎర్రరంగుతో అడ్డంగా కొట్టించి, 'గంజాయికి దూరంగా ఉండండి' అని రాయించారు. మా నాన్నని పట్టుకున్నాక మగపిల్లలు ఆ బొమ్మ దగ్గర ఆగి, "అవనీ, ఇదిగోనే మీ నాన్న ఆకు!" అని పిలిచేవాళ్ళు.

మా నాన్న జగదీష్ నర్సీపట్నం రోడ్డులో ఆటో తోలేవాడు. ఏజెన్సీ కొండల నుంచి దిగిన రెండు గంజాయి బస్తాలు ఆయన ఆటోలో దొరికాయి. పసుపు కొమ్ములనుకున్నానని చెప్పాడు. తెలిసే ఎక్కించుకున్నాడో, తెలియకో, నాకిప్పటికీ తెలీదు. అమ్మ అప్పటికే లేదు. అమ్మకి అక్క, లక్ష్మీకాంతం పెద్దమ్మ, ఇక్కణ్ణుంచి వచ్చి నన్ను దత్తత తీసుకుంది. ఆ కాయితాల మీద నాన్న జైల్లోనే సంతకం పెట్టాడు. విమానం ఎక్కేముందు పెద్దమ్మ దేవుడి పటం ముందు నా చేత ఒట్టు వేయించుకుంది, మళ్ళీ నాన్న ఊసెత్తనని. ఇక్కడి తెలుగువాళ్ళందరికీ మా నాన్న దుబాయ్‌లో ఉన్నాడని చెప్పింది.

అందుకని ఆ ఆకు చూసి నేనేమీ అడగలేదు. ఆ ఇంట్లో నేను అడిగి తెలుసుకున్నవి చాలా తక్కువ.

మొక్కలు దీపావళిదాకా బాగానే వచ్చాయి. తర్వాత ఎవరో నెత్తిమీద చెయ్యిపెట్టి అదిమినట్టు ఆగిపోయాయి. జానెడు దాటాల్సినవి నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉండిపోయాయి. ఆకులు పిండకుండా ఆరేసిన గుడ్డల్లా కిందికి వేలాడాయి. అడుగు ఆకులు పచ్చబారి రాలాయి.

కార్తీకంలో రెండో సోమవారం పొద్దున, నేను స్కూలు బస్సుకి బూట్లు వేసుకుంటుంటే, పెద్దమ్మ కిచెన్‌లో ఇండియా ఫోన్ మాట్లాడుతోంది. అవతల మా మావయ్య.

"బెయిలా? ఎప్పుడొచ్చాడు? వస్తే రానీ తమ్ముడూ, నేనేం చెయ్యను? పిల్లకి చెప్పక్కర్లేదు. ఇప్పుడిప్పుడే నలుగుర్లో కాస్త మాట్లాడుతోంది."

ఆ రోజు బడిలో ఎవరేం చెప్పారో గుర్తు లేదు. సాయంత్రం బేస్‌మెంట్‌లోకి వెళ్ళాను. పెద్దనాన్న లైటుకీ మొక్కలకీ మధ్య ఎంత దూరముందో టేపు పెట్టి కొలుస్తున్నారు.

"పెద్దనాన్నా, నాన్న నంబరు మీ దగ్గరుందా?"

మనుషుల మొహం చూసి అడగడం నాకు రాదు. కుండీల వైపు చూస్తూ అడిగాను.

ఆయన టేపు ఆపారు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"ఉంది. మీ మావయ్య పంపాడు." టేపు నెమ్మదిగా చుట్టుకున్నారు. "మీ పెద్దమ్మని ఒప్పించాలి కదమ్మా. అంత తేలిక కాదు."

"ఒక్కసారి మాట్లాడితే చాలు."

ఆయన కాసేపు ఆ వేలాడే ఆకుల్నే చూశారు. కుడి పక్కన ఏదో పొడిచినట్టుంది, పళ్ళు బిగపట్టి వదిలారు.

"వీటి సంగతేంటో చూడు. ఎందుకు వాలిపోతున్నాయో కనిపెట్టు. ఇవి తేరుకున్నాయా, నేనే ఫోన్ కలిపి మాట్లాడిస్తా. ప్రామిస్."

ఆయన చెడ్డ మనిషేం కాదు. నన్ను ఉత్సాహపరచడానికే అలా అన్నారనుకుంటాను. ఆ రోజు డైరీలో రాశాను: 'ఏ ఆకు దొరికి నాన్న మూడేళ్ళు లోపలున్నాడో, ఆ ఆకు నిటారుగా నిలబడితే నాన్న గొంతు వినచ్చు.'

ఇక అప్పట్నుంచి రోజూ బడి నుంచి రాగానే బ్యాగు పడేసి కిందికి వెళ్ళేదాన్ని. ఒక్కో ఆకూ పట్టుకుని చూసేదాన్ని. మిరపనారు ఎండకి వాలితే ఆకు పలచబడి కాయితంలా ఉంటుంది. నీళ్ళు ఎక్కువై వాలితే ఆకు నిండుగా, బరువుగా, కిందికి ముడుచుకుని ఉంటుంది. ఇవి రెండో రకం. కుండీ ఎత్తి చూస్తే తెలిసిపోతోంది. ఆదివారం ఎత్తినదానికంటే మంగళవారం బరువెక్కువగా ఉంది. మధ్యలో ఎవరూ నీళ్ళు పొయ్యలేదు.

"నీళ్ళెక్కువయ్యాయి పెద్దనాన్నా."

"ఎలా అవుతాయి? షీటు చూడు. ఆదివారం అర లీటరు, గురువారం అర లీటరు. అంతే."

"కుండీ బరువుగా ఉంది."

"నీ చెయ్యి తక్కెడా?" అని నవ్వారు. "అనుకోవడం వేరు, డేటా వేరు. లైటు దగ్గరైందేమో. ముందు అది మారుద్దాం."

లైటు ఎత్తు పెంచారు. నాలుగు రోజులాగి తగ్గించారు. ఏదో సీసా మందు తెచ్చి చుక్కలు వేశారు. మన కుళాయి నీళ్ళలో సున్నం ఎక్కువని, డబ్బా నీళ్ళు కొన్నారు. ఒక్కో మార్పుకీ షీటులో ఒక్కో గీత. మొక్కలు మాత్రం అలాగే మెడలు వాల్చుకుని నిలబడ్డాయి. మట్టి మీద తెల్లటి బూజులాంటి పొర కట్టింది. కుండీ తడితే దోమల్లాంటి చిన్న పురుగులు లేచేవి. బీరువా జిప్పు తియ్యగానే పులిసిన వాసన.

ఆదివారం భోజనానికి కౌశిక్ అన్నయ్య వచ్చాడు. పెద్దనాన్న దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇంకా ఆ కంపెనీలోనే చేస్తున్నాడు. గింజలు ఎక్కడ దొరుకుతాయో చెప్పింది అతనే. పెద్దమ్మ వడ్డిస్తుంటే, "టొమాటోలు ఎట్లున్నయ్ అంకుల్?" అని నవ్వు ఆపుకుంటూ అడిగాడు. భోజనాలయ్యాక పెద్దనాన్న అతన్ని బేస్‌మెంట్ మెట్లదాకా తీసుకొచ్చారు. నేను కింద ఉన్నాను.

"ఒక్కసారి దిగి చూడు కౌశిక్. నాకేం అర్థం కావట్లేదు."

"నేన్ దిగను అంకుల్. నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. స్టేట్‌లో లీగల్, ఫెడరల్‌లో కాదు. నేన్ చూడలే, నేన్ వినలే."

"పోనీ ఫోటో పంపిస్తా."

"వామ్మో, ఫోటో అసలే వద్దు! నా వాట్సాప్‌లో ఆ ఆకు కనబడొద్దు. నోటితోని చెప్పండి, నోటితోనే చెప్త." పై మెట్టు మీద నిలబడి గోడ వైపు తిరిగి మాట్లాడుతున్నాడు. అప్పుడే కింద నేను కదిలిన చప్పుడు విన్నట్టున్నాడు. "అంకుల్, ఆ పిల్లనా కింద? మైనర్ గదా. దాన్ని ఎందుకు పంపిస్తుర్రు?"

"ఇంట్లో పిల్ల. దానికేమవుతుంది? మొక్కలంటే దానికి ప్రాణం."

కౌశిక్ అన్నయ్య వాచీ చూసుకున్నాడు. "లైట్ దగ్గరైతే అట్లనే అయితది అంకుల్," అని చెప్పి, స్వీటు డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం నేను నా డైరీనీ గోడ మీది షీటునీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. షీటులో పెద్దనాన్న చేసినవి ఉన్నాయి. నా డైరీలో మొక్కలెలా ఉన్నాయో ఉంది. ఏ వారం చూసినా మంగళవారం నాడు అన్నిటికంటే ఎక్కువగా వాలిపోయేవి. శనివారానికి కాస్త లేచేవి. మళ్ళీ మంగళవారం కూలిపోయేవి. సోమవారం నాడు ఈ బేస్‌మెంట్‌లో ఏం జరుగుతోంది? బట్టలు కూడా బుధవారమే ఉతుకుతాం.

మట్టి మీది పొర గోటితో గీకితే పసుపుపచ్చటి బియ్యపుగింజ ఒకటి బయటపడింది. అరచేతిలో వేసుకుని చూశాను. అక్షింత.

థాంక్స్‌గివింగ్ సెలవులకి బుధవారం నుంచీ బడి లేదు. పెద్దనాన్న వదులు జుబ్బా తగిలించుకుని మాల్‌లో నడవడానికి వెళ్ళారు. నేను కింద రెండో విడత బట్టలు డ్రయ్యర్‌లో వేసి, మొదటివి మడతలు పెడుతున్నాను. ఎనిమిదిన్నరకి పెద్దమ్మ మెట్లు దిగింది. తడి జుట్టుకి తువ్వాలు, చేతిలో ఇత్తడి చెంబు. పెదాలు కదులుతున్నాయి. నన్ను చూసి తలూపి, బీరువా జిప్పు తీసి, నాలుగు కుండీల్లో వరసగా తలా కాసిని పోసింది. తెల్లటి నీళ్ళు. పాలు, పెరుగు, తేనె కలిసిన వాసన. చివరి చుక్క కళ్ళకద్దుకుని లేచింది.

"రోజూ పోస్తున్నావా పెద్దమ్మా?"

"రోజూనే. సోమవారాలు పదకొండు సార్లు అభిషేకం కదా, ఆవేళ రెండు చెంబులు అవుతాయి. ఏం?"

"ఇక్కడెందుకు?"

"మరెక్కడ పొయ్యనే? దేవుడి నీళ్ళు సింకులో పోస్తానా? ఎవరూ తొక్కకూడదు, పచ్చటి చెట్టు మొదట్లో పొయ్యాలి. బయట మెట్ల మీద మంచు. కిందటేడు జారిపడి నెల్లాళ్ళు మంచం దిగలేదు నేను. తులసమ్మని లోపల పెట్టినా నిలబళ్ళేదు. ఇంట్లో పచ్చగా ఉన్నవి ఇవే." చెంబు చీరకొంగుతో తుడుచుకుంది. "పైగా మీ పెద్దనాన్న మందు మొక్కలాయె. ఆయన నొప్పి తగ్గాలని మొక్కుకునే పోస్తున్నాను."

"అందుకే చచ్చిపోతున్నాయి పెద్దమ్మా."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏవిటా మాట? దేవుడి నీళ్ళకి చచ్చే మొక్క ఏం మొక్కే?"

పాలు మట్టిలో పులుస్తాయని చెప్పచ్చు. తీపికి పురుగు పడుతుందని, వేళ్ళు కుళ్ళుతాయని, గులాబీ అయినా చస్తుందని చెప్పచ్చు. అవన్నీ నాకు తెలుసు. నా చేతిలో పెద్దనాన్న లుంగీ ఉంది. దాన్ని నాలుగు మడతలూ పెట్టి, మిగతావాటి మీద పెట్టాను.

"గంజాయి మొక్క, పెద్దమ్మా," అన్నాను.

డ్రయ్యర్ ఇంకా తిరుగుతోంది. దాన్లో బొత్తాం ఏదో రేకుకి కొట్టుకుంటున్న చప్పుడు. పెద్దమ్మ మొక్కల్ని చూసింది, నన్ను చూసింది.

"నీకెలా తెలుసు?"

"మా బడి గోడ మీద ఉండేది."

ఆవిడ పైకి వెళ్ళిపోయింది. చాలాసేపు కిచెన్‌లో నీళ్ళ చప్పుడు వినిపించింది. నేను వెళ్ళేసరికి చింతపండు పెట్టి చెంబు తోముతోంది. అప్పటికే అది అద్దంలా మెరుస్తోంది. ఇంకా తోముతోంది.

పెద్దనాన్న వచ్చాక ఇద్దరూ డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నారు. నన్ను గదిలోకి పొమ్మని ఎవరూ అనలేదు. మెట్ల మీద కూర్చున్నాను.

"ఇక్కడ తప్పు కాదు కాంతం. ఇంటికి పన్నెండు మొక్కలదాకా పెంచుకోవచ్చు. చట్టమే."

"షాపులో కొనుక్కోవచ్చుగా, చట్టమైతే?"

"ఆ షాపు ముందు నా కారు మనవాళ్ళెవరైనా చూస్తే గుళ్ళో మొహం ఎక్కడ పెట్టుకోను?"

"ఇంట్లో పెంచి, నాచేత తీర్థం పోయించారు. శివుడు ఏమనుకుంటాడు?"

"నిన్ను పొయ్యమని నేనన్నానా?"

నేను మెట్టు మీది తివాచీలోంచి ఒక దారం లాగుతూ కూర్చున్నాను. ఇప్పుడు పెద్దమ్మ లేచి బేస్‌మెంట్‌లోకి వెళ్తుంది, నాలుగు కుండీలూ ఎత్తి బయట మంచులో పారేస్తుంది, అనుకున్నాను. అలా పారేస్తే నాన్నతో మాట్లాడడం ఇక ఉండదు. పారెయ్యకపోతే... పారెయ్యకపోతే ఏమవుతుందో నేను అంతదాకా ఆలోచించలేదు.

"ఇది తీసుకుంటే నొప్పి తగ్గుతుందా?" అంది పెద్దమ్మ.

"తగ్గిందంటున్నారు, వాడినవాళ్ళు."

"అయితే ఉండనివ్వండి. ఎవరికీ చెప్పకండి."

అంతే. దాని మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే. నేను మెట్ల మీంచి లేచి లోపలికి వెళ్ళాను. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు.

"మరి నాన్న?" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు. పెద్దమ్మ గొంతు పెంచలేదు. "వాడి సంగతి వేరమ్మా. మీ పెద్దనాన్నకి ఒంట్లో బాగాలేదు," అంది. టేబుల్ మీది ఉప్పు సీసా జరిపి, మళ్ళీ అక్కడే పెట్టింది.

మర్నాడు నేను మొక్కల్ని కుండీల్లోంచి తీశాను. వేళ్ళు వాడేసిన టీ పొడి రంగులో మెత్తగా ఊడొచ్చాయి. రెండింటికి మాత్రం లోపల కాసిని తెల్లవేళ్ళు మిగిలాయి. పాత మట్టి దులిపి, గోరువెచ్చటి నీళ్ళలో కడిగి, చిన్న కుండీల్లోకి మార్చాను. నీళ్ళు నిలవకుండా మట్టిలో ఇసుకలాంటి తెల్లటి గుళికలు కలిపాను. వారందాకా చెంచాతో తప్ప నీళ్ళు పొయ్యలేదు. పెద్దనాన్న షీటులో ఆ రోజు పక్కన పెద్ద అక్షరాలతో రాశారు: 'కారణం తెలిసింది.' ఏం కారణమో రాయలేదు.

పదో రోజున ఆకులు లేచాయి. రెండు మొక్కలూ చేతులు చాపినట్టు లైటు వైపు తిరిగి నిలబడ్డాయి.

"తేరుకున్నాయి పెద్దనాన్నా," అన్నాను.

"అవునమ్మా! భలే చేశావు." నా భుజం తట్టారు. నేను కదలకుండా అక్కడే నిలబడ్డాను. ఆయనకి గుర్తొచ్చింది. "ఆ... ఫోన్. ఇప్పుడు మీ పెద్దమ్మ కాస్త కోపంగా ఉంది కదా. పువ్వు రానీ. కోత అయిపోనీ. అప్పుడు నేను తప్పకుండా."

డిసెంబర్, జనవరి అలా గడిచాయి. అభిషేకం నీళ్ళు పారబొయ్యడం నా పనైంది. రోజూ బస్సెక్కేముందు చెంబు పట్టుకుని వెనక తలుపు తీసి, మంచులో పడమటి మూలకి వెళ్ళి పోసొచ్చేదాన్ని. తెల్లటి మంచులో పసుపుపచ్చటి గుంటలు పడేవి. కొత్త మంచు కురిసి కప్పేసేది. మర్నాడు మళ్ళీ నేను వేసేదాన్ని.

పువ్వు రావడం మొదలయ్యాక ఇల్లంతా వాసన. పెద్దమ్మ పొద్దునా సాయంత్రం సాంబ్రాణి వేసేది. ఒకరోజు గుళ్ళో కలిసే ఉషా ఆంటీ పేరంటానికి పిలవడానికి వచ్చి గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది.

"ఏంటి లక్ష్మీకాంతంగారూ, ఏదో వింతగా ఉంది వాసన?"

"సాంబ్రాణండీ. ఇండియా నుంచి కొత్త రకం తెప్పించాం."

"బాగుంది, నాక్కూడా కొంచెం ఇవ్వండి." సోఫాలో కూర్చుని నన్ను చూసి నవ్వింది. "ఏమ్మా అవనీ, మీ డాడీ దుబాయ్ నుంచి ఫోన్ చేస్తుంటారా? అక్కడ వీకెండ్ ఫ్రైడేనట కదా?"

పెద్దమ్మ కాఫీ కప్పు పట్టుకుని నా వైపు చూస్తోంది.

"చేస్తుంటారు ఆంటీ," అన్నాను. "బిజీగా ఉంటారు."

ఆంటీ వెళ్ళాక పెద్దమ్మ నా తల నిమిరింది. ఆ ఇంటికి వచ్చాక అలా నిమరడం అదే మొదటిసారి.

కోత ఫిబ్రవరి మొదట్లో అయింది. పువ్వులు కత్తిరించి, దారానికి గుచ్చి, చీకట్లో వేలాడదీసి ఆరబెట్టాం. పెద్దనాన్న ఎవరివో వీడియోలు చూసి నెయ్యిలో కాచాలన్నారు. ఆయన గిన్నె పొయ్యి మీద పెట్టి మంట పెద్దది చెయ్యగానే పెద్దమ్మ వచ్చి ఆయన చేతిలోంచి గరిటె లాక్కుంది.

"తప్పుకోండి. నెయ్యి కాచడం మీ బ్రేకుల పని కాదు."

సన్నటి మంట మీద రెండు గంటలు పక్కనే నిలబడి కాచింది. పల్చటి గుడ్డలో వడకట్టింది. సీసాలో పోసి మూత మీద కాయితం అంటించి తన గుండ్రటి అక్షరాలతో 'పెద్దనాన్న నెయ్యి' అని రాసింది, నేను పొరపాటున ముట్టుకోకుండా. మధ్యాహ్నం పప్పన్నంలో పావు చెంచా కలిపి పెట్టేది.

మూడు వారాలకి ఆయన చొక్కా వేసుకున్నారు. గళ్ళ చొక్కా, ఇస్త్రీది, మెడదాకా బొత్తాలు పెట్టుకుని అద్దం ముందు నిలబడి, "కాంతం, ఇలా రా," అని పిలిచారు. పెద్దమ్మ వచ్చి చూసి, ఏడుస్తూ దేవుడి గదిలోకి వెళ్ళింది. నాకూ సంతోషంగానే ఉంది. ఆయన్ని ఆ నొప్పితో రెండేళ్ళు చూశాను. గదిలోకెళ్ళి డైరీలో ఆ తారీఖు వేశాను.

శివరాత్రి రోజు పొద్దున్నే నేను స్నానం చేసి హాల్లోకి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన ఫోన్ తీశారు, పెద్దమ్మ వైపు చూశారు.

"మాటిచ్చాను కాంతం. ఒక్కసారి."

పెద్దమ్మ ఉపవాసంతో ఉంది. పెదాలు ఎండిపోయున్నాయి. "నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేయ్," అంది నాతో. "మొక్కల సంగతి మాత్రం ఎత్తకు. కేసు మీదున్న మనిషి. వాడి ఫోన్ ఎవరు వింటారో ఏమో. మన ఇంటి పేరు బయటికి రాకూడదు."

ఫోన్ చాలాసేపు మోగింది.

"ఎవరండీ?" గొంతు సన్నబడిపోయింది. అయినా ఆయనదే.

"నేను నాన్నా. అవనిని."

ఎక్కడో గేదె అరిచింది. "తల్లీ," అన్నాడు. మళ్ళీ, "తల్లీ," అన్నాడు.

"బాగున్నావా నాన్నా?"

"నాకేంటమ్మా, బాగున్నాను. సోమవారం సోమవారం స్టేషన్‌కెళ్ళి సంతకం పెట్టి వస్తున్నాను. మన ఆటో అక్కడే కాంపౌండ్లో ఉంది. అద్దం మీద నీ పేరు ఇంకా ఉందిరా, పోలేదు. నువ్వెలా ఉన్నావు? చలట కదా అక్కడ? స్వెట్టరు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటున్నా."

"బాగా చదువుకో. బడి నుంచొచ్చాక ఏం చేస్తుంటావు?"

"మొక్కలు పెంచుతున్నా నాన్నా," అనేశాను. నాలుగు నెలలుగా నేను చేసిన పని అదొక్కటే. నోట్లోంచి అదే వచ్చింది.

పెద్దమ్మ ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏం మొక్కలమ్మా?"

"తులసి," అన్నాను.

"మంచిది తల్లీ." ఆయన గొంతులో నవ్వు వినిపించింది. "అంత చలిలో బతుకుతుందా?"

"లోపల పెట్టాం. లైటు పెట్టి."

"తులసికి లైటా! అమెరికా అంటే అమెరికాయే." నిజంగానే నవ్వాడు. దగ్గొచ్చి ఆగాడు. "రోజూ స్నానం చేసి, కాసిని నీళ్ళు పొయ్యి. మర్చిపోకు. మీ అమ్మ ఏ రోజూ మానేది కాదు."

"సరే నాన్నా."

"నీ చేత్తో వేసింది ఏదైనా బతుకుతుందిలే. పెద్దమ్మ మాట విను. ఈసారి..."

పెద్దమ్మ చెయ్యి చాపింది. నేను ఫోన్ పెద్దనాన్నకిచ్చేశాను. ఆ 'ఈసారి' తర్వాత నాన్న ఏమన్నాడో నేను వినలేదు. పెద్దనాన్న చెవి దగ్గర పెట్టుకుని, "ఆ, ఉంటాం జగదీష్, జాగ్రత్త," అని పెట్టేశారు.

పెద్దనాన్న చొక్కా చేతులు మడుచుకున్నారు, లేచి నిలబడ్డారు. వాతావరణం తేలిక చెయ్యాలనుకున్నట్టున్నారు.

"సీసా సగానికొచ్చింది అవనీ. మళ్ళీ వేద్దామా? ఈసారి పన్నెండు వేద్దాం. ఇప్పుడు నీకు కిటుకు తెలిసిపోయిందిగా."

నేను మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసి మాట్లాడాను.

"వేస్తాను పెద్దనాన్నా. నాన్న నంబరు నా ఫోన్‌లో వేసివ్వండి."

ఆయన పెద్దమ్మ వైపు చూశారు. పెద్దమ్మ అప్పటికే దేవుడి గది గుమ్మంలో ఉంది. తోమి తోమి మెరుస్తున్న ఇత్తడి చెంబు చేతిలోకి తీసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది:

"ముందు మొలకలు రానీ."